మల్లెతోటలో మధ్యాహ్నం రెండు గంటలు

2023 జనవరి. అప్పటికి నేను రిటైరై ఐదేళ్లయింది. కృష్ణగిరిలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు లెక్చరర్‌గా పనిచేసి, హోసూరులో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. ఒకే యాజమాన్యం నడిపే రెండు ప్రైవేటు కాలేజీలు, ఒకటి హోసూరులో, ఒకటి కృష్ణగిరిలో, నన్ను గెస్ట్ లెక్చరర్‌గా పిలిచాయి. సోమ, మంగళవారాలు హోసూరు. గురు, శుక్రవారాలు కృష్ణగిరి. రెండు చోట్లా తెలుగు బి.ఎ. చివరి ఏడాది విద్యార్థులకే నా పాఠాలు. హోసూరు క్లాసులో పదకొండు మంది, కృష్ణగిరి క్లాసులో తొమ్మిది మంది. తమిళనాడులో తెలుగు బి.ఎ. అంటే అంతకంటే ఎక్కువ మందిని ఆశించకూడదు.

ఆ సెమిస్టరులో ఒక్కొక్కరూ ఒక కథ మీద ఐదు పేజీల వ్యాసం రాయాలి. ఇంటర్నల్ మార్కులు, అంటే కాలేజీ తానే వేసి యూనివర్సిటీకి పంపే మార్కులు, ఇరవై ఐదు ఉంటాయి. అందులో పది ఈ వ్యాసానికే. నేను ఒక షరతు పెట్టాను. వ్యాసం నా చేతికి వచ్చేముందు తోటి విద్యార్థి ఒకరు దాన్ని చదివి తన అభిప్రాయం రాయాలి. రాసినవారు ఆ అభిప్రాయం చూసుకుని వ్యాసాన్ని తిరగరాయాలి. దీన్ని పీర్ రివ్యూ అంటారు. మొదట రాసింది ఫస్ట్ డ్రాఫ్ట్, తిరగరాసింది సెకండ్ డ్రాఫ్ట్. మార్కులు రెండో దానికే.

మొదటిసారి హోసూరు క్లాసులో చేయించిన రోజు నా డైరీలో ఇలా ఉంది: "పదకొండు వ్యాసాలు, పదకొండు 'బాగుంది'లు." మా వైపు ఒక క్లాసులో పదకొండు మంది తెలుగువాళ్లు ఉంటే అందులో సగం మందికి ఏదో ఒక వరస కలుస్తుంది. పేరు దాచినా చేతిరాత పట్టిస్తుంది. ఒక అమ్మాయి తన కాగితంలో "అక్షరాలు గుండ్రంగా ఉండాయి" అని మాత్రం రాసింది. ఇంకేమీ తోచలేదా అని అడిగాను. "తోచింది సార్. వాళ్లక్క మా అన్న పెండ్లాము. ఇంకేమన్నా రాస్తే ఇంటికాడ మాటొస్తుంది" అంది.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. హోసూరు వ్యాసాలు కృష్ణగిరికి, కృష్ణగిరి వ్యాసాలు హోసూరుకు పోతాయి. మోసేది నేనే, నా సంచిలో. పేర్లుండవు, నంబర్లే. అభిప్రాయం పెన్సిలుతో రాయాలి. అక్షరదోషాలు దిద్దకూడదు, "బాగుంది" అన్న మాట వాడకూడదు. జవాబు రాయవలసిన ప్రశ్నలు మూడు. ఈ వ్యాసం ఏమి చెబుతోంది? చదువుతూ ఎక్కడ ఆగావు? రాసినవారిని ఏమి అడగాలని ఉంది? ఈ కాగితాన్ని రివ్యూ షీటు అనేవాళ్లం.

ఇప్పుడు ఆ కథ సంగతి చెప్పాలి. మా పాఠ్యపుస్తకంలో చిన్న కథ, నాలుగున్నర పేజీలు. నరసమ్మ అనే ఆమెను మల్లెతోట ఉన్న ఇంటికి ఇచ్చారు. పుట్టింటివాళ్లు రాగులు పండించుకునే మెట్టసేద్యం వాళ్లు. ఒకరోజు పొద్దున తమ్ముడు వస్తాడు. చెల్లెలి పెళ్లికి అక్కను పిలుచుకుపోవాలని. అత్త అరుగు మీద కూర్చుని ఉంటుంది. తమ్ముడు భోంచేస్తాడు, చెల్లెలి ముచ్చట్లు చెబుతాడు, ప్రయాణం మాట ఎత్తుతాడు. మధ్యాహ్నం రెండు గంటలకు బస్సు. నరసమ్మ, "పూలు కొయ్యాలిరా, రాలేను" అంటుంది. తమ్ముడు ఒక్కడే బస్సెక్కుతాడు. బస్సు తోట పక్కగా పోతుంటే కిటికీలోంచి చూస్తాడు. ఎండలో అక్క బుట్ట పట్టుకుని మల్లెచెట్ల మధ్య నిలబడి ఉంటుంది. అక్కడితో కథ అయిపోతుంది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం హోసూరు స్టాఫ్ రూములో కూర్చుని రివ్యూ షీట్లు చూస్తున్నాను. కృష్ణగిరి ఏడో నంబరు వ్యాసం ఈ కథ మీద. దానిలో ఒక వాక్యం కింద పెన్సిలు గీత ఉంది. ఆ వాక్యం ఇది: "పుట్టింటి మమకారం కంటే చేపట్టిన పనియందలి నిష్ఠయే మిన్న అని నరసమ్మ తన ఆచరణతో చాటినది." షీటులో రెండో ప్రశ్న కింద ఇలా రాసి ఉంది:

"ఈడ ఆగినాను. బస్సు రెండు గంటలకు అని కథలో ఉంది. మల్లెపూలు తెల్లారకముందే మొగ్గలుగా కోస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు తోటలో కోసేదానికి ఏమీ ఉండదు. ఈమె చెప్పింది అబద్ధము. ఎందుకు చెప్పిందో వ్యాసంలో లేదు. ఇది రాసినవాళ్లు మల్లెతోట చూసినట్టు లేదు."

చదివి నవ్వుకున్నాను. తర్వాత గీత గీసిన వాక్యాన్ని మళ్లీ చదివాను. ఆ వాక్యం ఏ విద్యార్థిదీ కాదు. నాది. ముప్పై ఏళ్ల పాటు క్లాసులో నేను చెప్పి రాయించిన నోట్సులోది. దాని వెనకా ముందూ ఉన్న వాక్యాలూ నావే. కృష్ణగిరిలో ఎవరో నా పాత నోట్సును తమ వ్యాసంగా రాసి ఇచ్చారు. హోసూరులో ఎవరో అది నాదని తెలియక తప్పు పట్టారు.

పేర్ల పట్టిక తీసి చూశాను. తప్పు పట్టినవాడు మునిరాజు. బాగలూరు పక్క పల్లె, పూలసేద్యం ఇల్లు. క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాడు, పొద్దున మొదటి పీరియడ్‌లో నిద్రతో తూగుతుంటాడు. ఆ నిద్ర గురించి నేను రెండుసార్లు మందలించాను కూడా.

ఇంటికి వెళ్లి పాత డైరీలు తీశాను. నాకు ప్రతి పాఠం తయారు చేసుకున్న తేదీ రాసుకునే అలవాటు. ఈ కథ 1989 డైరీలో దొరికింది. హోసూరులో బంధువుల పెళ్లి చూసుకుని కృష్ణగిరికి తిరిగి వస్తూ, బస్సులో కథ చదివి నోట్సు రాసుకున్నానట. "శూలగిరి దాటేసరికి పూర్తి" అని సంతృప్తిగా రాసుకున్నాను. మాది కృష్ణగిరిలో బట్టల అంగడి పెట్టుకున్న కుటుంబం. పూలంటే నాకు తెలిసింది సాయంత్రం అంగడి ముందుకొచ్చే బుట్ట, మూర కొలత. చెట్టు మీద మల్లెను ఏ గంటకు కోస్తారో నాకెప్పుడూ అవసరపడలేదు. ముప్పావు గంటలో తేల్చిన అర్థాన్ని ముప్పై ఏళ్లు చెప్పాను.

అయినా ఒక కుర్రవాడి మాట మీద తేల్చేయకూడదు అనిపించింది. మరునాడు క్లాసు కాగానే మునిరాజును అడిగి వాళ్ల తోటకు వెళ్లాను. కథలోని వేళకే చూడాలని, రెండు గంటలకు. వాళ్ల అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది.

"ఇంత ఎండలో ఏమి చూసేకి వచ్చినారు సార్? పూలు కావాలంటే తెల్లారి రావల్ల."

"పూలు వద్దమ్మా. ఇప్పుడు తోటలో ఏముంటుందో చూద్దామని."

ఆమె కొడుకువైపు అనుమానంగా చూసింది. వాడు నేల చూశాడు. ముగ్గురం తోటలోకి నడిచాం. ఆకులు, జొన్నగింజంత పచ్చి పిందెమొగ్గలు. కోయదగ్గ మొగ్గ ఒక్కటి లేదు. మూడున్నరకు లేచి తలలకు లైటు కట్టుకుని కోస్తారని, ఎండ పడేలోపల పూల మండీకి చేర్చాలని, ఈ వేళకు తోటలో నిలబడితే ఈమెకేమో పిచ్చిపట్టిందని ఊరు అనుకుంటుందని ఆమె చెప్పింది. మొదటి పీరియడ్‌లో తూగే తలకు కారణం కూడా నాకు అప్పుడే తెలిసింది. మునిరాజుతో ఆ మాట అనలేదు గాని, మళ్లీ మందలించలేదు.

మజ్జిగ ఇచ్చి, ఇదంతా దేనికని అడిగింది. కథ చెప్పాను. ఆమె బడికి పోయింది నాలుగో తరగతి దాకా. విని, గ్లాసు తీసుకుంటూ అంది:

"అత్త ఆడే కూచోనుంటే ఇంకేమి చెప్తుంది సార్, పాపం. పంపరని తమ్ముడితో అనగలదా?"

అత్త అరుగు మీద కూర్చుని ఉందన్న వాక్యం నేను ఎన్నోసార్లు చదివాను. అది కేవలం ఇల్లు ఎలా ఉందో చెప్పడానికి రాసిందనుకున్నాను.

గురువారం కృష్ణగిరి వెళ్లాను. ఏడో నంబరు రేణుక. కావేరిపట్టణం నుంచి వచ్చేది. నెమ్మదస్తురాలు, ఎప్పుడూ మొదటి బెంచీ. నేను ఆమెతో మాట్లాడేలోపలే తెలుగు శాఖ హెడ్ భారతి నన్ను తన గదికి పిలిచింది. భారతి ఇరవై ఏళ్ల కిందట నా విద్యార్థిని. ఫస్ట్ డ్రాఫ్టుల జిరాక్సులు ఆమె ఫైలులో ఉంటాయి. ఏడో నంబరు కాగితాలు బల్ల మీద పెట్టి ఉన్నాయి.

"ఈ వ్యాసం రేణుకది కాదు సార్. మీది" అంది. "రెండో పేరా నించి ఒక్క మాట మారలేదు. మీ నోట్సు నాకు ఇప్పటికీ నోటికొస్తుంది."

"ఈ ప్రశ్న నీకూ పరీక్షలో వచ్చింది కదమ్మా. నువ్వేమి రాసినావు?"

"ఇదే రాసినాను." కాగితాలు నా వైపు జరిపింది. "పదహారుకు పద్నాలుగు వేసినారు."

"ఆ రెండు ఎందుకు తగ్గించినానో?"

"చేతిరాత బాగలేదన్నారు."

ఇద్దరం నవ్వాము. కానీ భారతి వెంటనే గంభీరమైంది. పరీక్షలో మీరు చెప్పింది మీకే అప్పజెప్పినాము, ఇక్కడ ఈ అమ్మాయి 'ఇది నా సొంత రచన' అని వేరే కాగితం మీద సంతకం పెట్టింది, రెండూ ఒకటి కాదు అంది. ఆమె అన్నది న్యాయమే. అంతకుముందు సెమిస్టరులో కంప్యూటరు శాఖలో కాపీ గొడవ జరిగి, కాపీ అని తేలితే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా తెలపాలని ఉత్తర్వు వచ్చింది. తెలిపితే ఇంటర్నల్ మార్కులు ఆగుతాయి. చివరి సెమిస్టరులో అవి ఆగితే ఆ పేపరు అరియర్, అంటే తప్పిన పేపరుగా మళ్లీ రాయాలి. డిగ్రీ చేతికి రాదు.

రేణుక బి.ఎడ్. చేసి తెలుగు టీచరు కావాలనుకుంటోందని భారతే చెప్పింది. ఈ మే నెలకు డిగ్రీ రాకపోతే ఇంకో ఏడాది ఆగేది లేదని, హోసూరు కంపెనీ వ్యాను ఊళ్లోకే వచ్చి ఆడపిల్లలను పనికి పిలుచుకుపోతుంది, అందులో ఎక్కిస్తానని తండ్రి తేల్చి చెప్పాడట.

"నాకేమన్నా ఇష్టమా సార్? కానీ ఒకరిని వదిలితే రేపు తొమ్మిది మందీ మీ నోట్సే ఇస్తారు" అంది భారతి.

మునిరాజు షీటు తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. ఇంకోసారి చదివింది. తోటకు వెళ్లి చూసి వచ్చానని చెప్పాను. "అయితే మనమంతా రాసింది..." అని ఆగిపోయింది. అవునన్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పీర్ రివ్యూ ఉన్నదే తిరగరాయడానికి కాబట్టి రేణుకకు వచ్చే వారం శుక్రవారం దాకా గడువు. సెకండ్ డ్రాఫ్టు సొంతంగా రాయాలి. రాసింది ఆమెదేనా కాదా అన్నది వైవా పెట్టి, అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగి, భారతి తేలుస్తుంది. కాదని తేలితే ఉత్తరం పోతుంది. నేను అడ్డు చెప్పకూడదు.

మధ్యాహ్నం రేణుకను లైబ్రరీలో కూర్చోబెట్టి షీటు ఇచ్చాను. చదువుతుంటే ముఖం ఎర్రబడింది.

"ఇది తప్పయ్యేదానికి లేదు సార్" అంది. "ఇది మీరు చెప్పిందే."

"నీకెట్ల దొరికిందమ్మా?"

చిన్నమ్మ నోటుబుక్కట. అట్ట వేసి, ఊదారంగు ఇంకుతో రాసింది. చిన్నమ్మ నా దగ్గర చదివి ఫస్ట్ క్లాసులో పాసైంది. ఆ పుస్తకం అప్పటినుంచి ఆ ఇంట్లో చదివే ప్రతి పిల్లకూ చేతులు మారుతూ వచ్చింది. రేణుక క్లాసులయ్యాక కృష్ణగిరి బస్టాండు ఎదుట జిరాక్సు అంగడిలో పని చేస్తుంది. పుస్తకం చిరిగిపోతోందని ఒక ప్రతి తీసి పెట్టుకుంది. దొంగతనం చేశానని ఆ అమ్మాయికి కలలో కూడా అనిపించలేదు. మా సార్ చెప్పింది మా సార్‌కు రాసి ఇస్తున్నాను అనుకుంది, అంతే.

"కథ చదివినావా?" అని అడిగాను.

ఆమె షీటును బల్ల మీద బోర్లించింది. "నోట్సులో సారాంశం ఉంది కద సార్."

నా నోట్సులో ఆ కథ సారాంశం పదకొండు వరుసలు. అందులో అత్త లేదు. అరుగు లేదు. రెండు గంటలు లేదు.

మునిరాజు రాసింది నిజమని, నేను స్వయంగా చూశానని, నేను చెప్పిన అర్థం తప్పని ఆమెకు చెప్పాను. ఆ మాట చెప్పడానికి ముందు రాత్రి నుంచి సిద్ధపడుతున్నాను. పెద్ద విషయమనుకున్నాను. రేణుక దాన్ని చాలా మామూలుగా తీసుకుంది. సంచిలోంచి కొత్త కాగితం తీసి, పెన్ను మూత విప్పి, బల్ల మీద చెయ్యి ఆనించి కూర్చుంది.

"అయితే కొత్త నోట్సు చెప్పండి సార్. రాసుకుంటాను."

నా దగ్గర కొత్త నోట్సు సిద్ధంగా ఉంది. మునిరాజు వాళ్లమ్మ ఇచ్చింది. అత్త చెవిన పడేటట్టు అబద్ధం చెప్పింది, పంపరని తెలిసి చెప్పింది. పది నిమిషాలు చెబితే ఐదు పేజీలు అవుతుంది. నమ్మకంగా బట్టీ పట్టి వైవాలో అప్పజెబుతుంది. బి.ఎడ్. సీటు దక్కుతుంది. అంతకంటే సులభంగా ఒక విద్యార్థిని గట్టెక్కించే అవకాశం నా ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు.

"చెప్పనమ్మా" అన్నాను.

ఆమె పెన్ను పట్టుకునే ఉంది. "చిన్నమ్మకు చెప్పినారు. మేడమ్‌కు చెప్పినారు. నాకు మాత్రం చెప్పరా సార్?"

"వాళ్లకు చెప్పినందుకే గద ఇట్లయింది."

"వాళ్లకేమీ కాలేదే. నాకు గద అయింది."

 ఆ పిల్ల అన్నది నిజం. తప్పు నాది, నష్టపోయేది తను. నేను చేయగలిగింది ఒక్కటే చెప్పాను. కథ మూడుసార్లు చదవమన్నాను. మునిరాజు ఆమె వ్యాసానికి ఏ మూడు ప్రశ్నలు వేశాడో అవే కథకు వేసి, ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీయమన్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వస్తాను సార్ అని కూడా అనకుండా వెళ్లిపోయింది.

మరునాడు శుక్రవారం నాలుగు వాక్యాలు తెచ్చింది. నరసమ్మ అబద్ధం చెప్పింది, ఎందుకో తెలియడం లేదు, అత్త భయమేమో, ఇంకా చదువుతాను. అంతే. నేను ఔను అనలేదు, కాదు అనలేదు. మళ్లీ గురువారం క్లాసుకు రాలేదు. జిరాక్సు అంగడికి వెళ్లి చూద్దామని బస్టాండు దాకా నడిచాను. అంగడి ముందు జనం ఉన్నారు. ఆమె మిషను దగ్గర నిలబడి కాగితాలు తీస్తోంది, మిషను పక్కన మా పాఠ్యపుస్తకం బోర్లించి ఉంది. నన్ను చూడలేదు. నేను పిలవకుండా తిరిగి వచ్చేశాను. ఆ వారం రోజులూ నా డైరీలో పాఠాల వివరాలతో పాటు ప్రతి పేజీ చివర ఒకటే మాట: "చెప్పి ఉండాల్సిందా?"

శుక్రవారం పదకొండున్నరకు భారతి గదిలో వైవా. సొరుగులో ప్రిన్సిపాల్‌కు రాసిన ఉత్తరం ఉందని నాకు తెలుసు. రేణుక ఆరు పేజీలు ఇచ్చింది. కొట్టివేతలు చాలా ఉన్నాయి. భాష నా నోట్సులా సాఫీగా లేదు, తడబడుతోంది. భారతి కాగితాలు బోర్లించి, చూడకుండా చెప్పమంది.

"నరసమ్మ అబద్ధం చెప్పింది మేడమ్. రెండు గంటలకు మల్లెతోటలో పని ఉండదంట, అది రివ్యూ రాసినవాళ్లు చెప్పినారు. తమ్ముడిది రాగి చేను. వాడికి పూల సంగతి తెలీదు. అందుకే నమ్మినాడు."

"అబద్ధం ఎందుకు చెప్పింది? అత్తకు భయపడా?"

"భయమే మేడమ్. అత్త అరుగు మీదనే ఉంది. మొదట నేనూ అంతే రాసినాను." అని కుర్చీలో ముందుకు జరిగింది. "కానీ భయమైతే ఆ మాటతో అయిపోవల్ల. మాట చెప్పేసింది, తమ్ముడు లేచి పోయినాడు. అత్తకైతే కోసేదానికి ఏమీ లేదని తెలుసు. మరి ఈమె ఎండలో తోటలోకి ఎందుకు పోయింది?"

భారతి నా వైపు చూసింది. నాకూ తెలియదు.

"బస్సు తోట పక్కనే పోతుంది. వాడు కిటికీలోంచి చూస్తాడని ఈమెకు తెలుసు. చూసి, అక్క చెప్పింది నిజమే అనుకుని, కష్టపెట్టుకోకుండా పోవల్లని నిలబడింది. అబద్ధం చెప్పింది అత్త ఉందని. నిలబడింది తమ్ముడి కోసము."

"చూస్తాడని ఎట్ల చెప్తావు?"

"బస్టాండు ఎదురుగానే కద మేడమ్ మా అంగడి. రోజూ చూస్తాను. పంపేదానికి వచ్చినవాళ్లు బస్సు మళ్లేదాకా కిటికీనే చూస్తా ఉంటారు. లోపల ఉండేవాళ్లూ అంతే. చూడకుండా పోయినవాళ్లను నేను చూడలేదు."

భారతి పెన్ను పక్కన పెట్టింది. తర్వాత పరీక్ష పెట్టే గొంతుతో కాదు, మామూలుగా అడిగింది: "అయితే ఆ బుట్టలో ఏముండాది అంటావు?"

"ఏమీ లేదు మేడమ్. బుట్ట అని ఉంది. పూలు అని కథలో యాడా లేదు."

భారతి పుస్తకం తెరిచి చివరి పేరా చదివింది. నా వైపు తిప్పింది. "ఎండలో అక్క బుట్ట పట్టుకుని నిలబడి ఉంది." పూలు లేవు. 1989 నుంచి ఆ వాక్యం చదువుతున్నాను. నా కళ్లకు ఆ బుట్ట ఎప్పుడూ నిండుగానే కనిపించింది.

భారతి పదికి ఎనిమిది వేసింది. మార్కులు సకాలంలో యూనివర్సిటీకి పోయాయి. ఆ జూన్‌లో ధర్మపురి వైపు ఒక కాలేజీలో రేణుకకు బి.ఎడ్. సీటు వచ్చింది. ఇప్పుడు శూలగిరి దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతోంది. సెకండ్ డ్రాఫ్టును హోసూరుకు తీసుకువెళ్లి మునిరాజుకు ఇచ్చాను, తన ప్రశ్నకు జవాబు చూసుకోవాలి కదా అని. రెండు రోజులు ఉంచుకుని ఇచ్చాడు. "ఎక్కడ ఆగావు" అన్న చోట ఒక్క వాక్యం రాశాడు: "చివరి పేజీలో ఆగినాను, ఇది నాకు తోచలేదు."

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు మాటల్లో చెప్పగలను గాని, ఆచరించడం అంత తేలిక కాదు. ముప్పై ఏళ్లు నేను విద్యార్థులు తప్పుదారి పట్టకూడదని జాగ్రత్తపడ్డాను. ఆ జాగ్రత్తలో వాళ్లను కథ దగ్గరికే పోనివ్వలేదు. పూలు కోసేవాడికి ఒకటి తెలుసు, కోడలిగా బతికిన తల్లికి ఒకటి తెలుసు, బస్టాండు ముందు కూర్చునే పిల్లకు ఒకటి తెలుసు. ఆ మూడూ నాకు తెలియవు. వాళ్లు చెబితే తప్ప తెలిసే దారీ లేదు. తెలిసిన రెండు రోజులకే నేను దాన్ని మళ్లీ నోట్సుగా మార్చి రేణుకకు చెప్పబోయాను. చెప్పి ఉంటే ఆ ఖాళీ బుట్ట సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పటికీ వారానికి రెండు రోజులు పాఠం చెబుతున్నాను. కథ ముందు నేనే పైకి చదువుతాను, పుస్తకం మూస్తాను, ఎవరో ఒకరు మాట్లాడేదాకా ఊరుకుంటాను. ఒక్కోసారి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఇంకా అలవాటు కాలేదు.